కూరగాయల మడీ, కౌలు కాగితమూ

ఆ ఊళ్ళో సంఘం స్త్రీలు కూరగాయలు పండించిన నేల ఇరవై గుంటలు. ఊరికి అర కిలోమీటరు దూరంలో, ఒక పెద్ద రైతుకు ఎందుకూ కొరగాకుండా పడి ఉన్న రాళ్ళ చెల్క. పదకొండు మంది స్త్రీలు, అందరూ దళితులే, కూలికి పోయేవాళ్ళే. "ఊరికే పడి ఉంది, చేసుకోండి, పండిన దాంట్లో మాకింత ఇవ్వండి" అన్నాడాయన. నోటిమాటే. ఆ నోటిమాట మీద వాళ్ళు మూడేళ్ళు చాకిరీ చేశారు.

మొదటి ఏడంతా రాళ్ళు ఏరడమే. ఏరిన రాళ్ళే గట్టయ్యాయి. సర్కారు తుమ్మ వేళ్ళతో సహా పెరికారు. ఎండాకాలం చెరువు ఎండితే పొదుపు డబ్బుతో బండి కిరాయి కట్టి పూడిక మట్టి తోలుకున్నారు, బండి దొరకని రోజున గంపలతో మోశారు. ఇంటింటి పెంట కుప్పలోంచి తలా కొంత ఎరువు పోశారు. ఆ వానాకాలం గోరుచిక్కుడు, గోంగూర మాత్రం వచ్చాయి. రెండో ఏడు పక్క చేను బోరు నీళ్ళు అడిగారు. నీళ్ళకు బదులు ఆ చేలో కలుపు తీయాలని షరతు. సరే అన్నారు. అప్పుడు తోటకూర, పాలకూర, మెంతికూర, కొత్తిమీర మళ్ళు కట్టారు. పందిరి వేసి బీర, కాకర పాకించారు. మూడో ఏటికి వంగ, మిరప, టమాటా కూడా దిగాయి.

ఆకుకూర నెల రోజుల పంట. పత్తిలా ఆరు నెలలు ఎదురుచూడనక్కర్లేదు. చీకటితో లేచి కోసి, కట్టలు కట్టి, గంపలకెత్తుకుని మొదటి బస్సుకు రోడ్డు మీదికి వచ్చేవాళ్ళు. సాయంత్రానికి చేతిలో చిల్లర. ఆ డబ్బు గురించి ఒక మాట చెప్పాలి. పత్తి డబ్బు ఒక్కసారిగా వస్తుంది, మొగుడి జేబులోకి వెళుతుంది. ఆకుకూర డబ్బు రోజుకింత వస్తుంది కనక దాన్ని ఎవరూ డబ్బుగా లెక్కపెట్టలేదు. లెక్కపెట్టలేదు కాబట్టే అది స్త్రీల చేతిలో నిలిచింది. అమ్ముడుపోని కట్టలు ఇంట్లో కుండలోకి వెళ్ళేవి. పప్పులో రోజూ ఏదో ఒక ఆకు పడిందని వాళ్ళు గర్వంగా చెప్పుకునేవాళ్ళు.

మూడో ఏడు దసరా దాటాక ఆ రైతు కబురు పంపాడు. కబురు స్త్రీలకు కాదు, వాళ్ళ భర్తలకు. నేల మంచిగైంది, ఇక మా పిల్లవాడే చేసుకుంటాడట అని. వంగ కాపు మీద ఉంది. కోసుకోవడానికి వారం గడువిచ్చాడు. పంచాయితీలో స్త్రీలు ఏమీ గట్టిగా అడగలేకపోయారు, ఆయన చేలల్లోనే రేపు కూలికి పోవాలి గదా. ఒక పెద్దమ్మ మాత్రం లేచి, "భూమి ఆయన్దే, కాదంటలేను. మేం మోసి పోసిన మట్టి ఎవల్ది?" అంది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వానేమోనని ఇప్పటికీ అనుమానం.

అప్పుడు నేను ఆ సంఘాలతో పనిచేస్తున్న ఒక సంస్థకు సలహాదారుని. కాగితం అడగవద్దని చెప్పింది నేనే. అడిగితే ఆయన బెదిరిపోతాడు, అసలుకే మోసం వస్తుంది, ముందు పని మొదలుపెడదాం అన్నాను. నివేదికలో పందిరి కింద నవ్వుతున్న స్త్రీల ఫొటో వేసి 'సాధికారత' అని రాశాం. ఆ తర్వాతి ఏడాది నివేదికలో ఆ ఊరి పేరు లేదు, అంతే. కార్యకర్తలం మనం మన విజయాలను రాసినంత శ్రద్ధగా ఇలాంటివి రాసుకోం.

కాగితం అడగకపోవడానికి భయం ఒక్కటే కారణం కాదు. అది వ్యవసాయమని మనక్కూడా అనిపించలేదు. వరి, పత్తి అయితే వ్యవసాయం. కూరగాయల మడి పెరటి పని, ఇంటి పనికి కొనసాగింపు. ప్రభుత్వ గణాంకాలదీ ఇదే దృష్టి. జాతీయ నమూనా సర్వే సంస్థ ఉపాధి లెక్కల్లో ఇంటి పని చేసే వాళ్ళకు 92, 93 అని రెండు సంకేతాలున్నాయి. ఇంటి పనే చేసే స్త్రీ 92. దానితో పాటు కూరాకూ కట్టెలూ ఏరి తెచ్చుకునే, ఇంటికోసం బట్టలు కుట్టుకునే స్త్రీ 93. పెరటి తోట పెంచుతారా అన్న ప్రశ్న కూడా ఆ సర్వేల్లో ఈ స్త్రీలనే, అనుబంధంగా, అడిగారు. రెండు సంకేతాలూ శ్రామిక శక్తికి బయటివే.

పెద్దమ్మ ప్రశ్నకు చట్టంలో జవాబున్న చోటు నాకు చాలా ఏళ్ళ తర్వాత, ఏ మాత్రం అనుకోని దేశంలో తారసపడింది. చదువు పని మీద ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో కొన్ని నెలలున్నాను. నేనున్న వీధి వెనక 'అలాట్‌మెంట్లు' ఉండేవి. నగర కౌన్సిలు జనానికి కూరగాయలు పండించుకోవడానికి చిన్న కౌలుకిచ్చే మళ్ళు. మెంతికూర, కొత్తిమీర, ఉల్లి, ఆలు వేసుకున్న ఒక పంజాబీ ముసలమ్మ తన కౌలు ఒప్పందాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి గుడిసెలో మేకుకు తగిలించింది. చదవమని ఇచ్చింది. ఆమెకు ఇంగ్లీషు రాదు గానీ అందులో ఏముందో అంతా తెలుసు.

అక్కడ ఒక మడి వాడుక కొలత 10 రాడ్లు, అంటే 302.5 చదరపు గజాలు. మన గుంట 121 గజాలు కాబట్టి సరిగ్గా రెండున్నర గుంటలు. 1908 చట్టం ప్రకారం ఆరుగురు ఓటర్లు రాసిస్తే స్థానిక కౌన్సిలు ఆ కోరికను పరిశీలించి తీరాలి. 1922 చట్టం, దానికి 1950లో వచ్చిన సవరణ కలిపి చూస్తే, కౌలుదారును ఖాళీ చేయించాలంటే కనీసం 12 నెలల ముందు నోటీసివ్వాలి. ఆ గడువు కూడా ఏప్రిల్ 6 లోపుగానీ సెప్టెంబరు 29 తర్వాతగానీ ముగియాలి, అంటే పంట ఎదిగే నెలల్లో తరమడానికి వీల్లేదు. యజమానే ఖాళీ చేయిస్తే నేల మీదున్న పంటకూ, నేలకు వేసిన ఎరువుకూ పరిహారం కట్టాలి. ఇది 1922 నుంచీ ఉంది. మా పెద్దమ్మ అడిగి నవ్వులపాలైన మాట అక్కడ శాసనం.

ఇంగ్లండు దొరలు దయగలవాళ్ళని చెప్పడం నా ఉద్దేశం కాదు. ముందు ఊరుమ్మడి భూములకు కంచెలు వేసి పేదలను వెళ్ళగొట్టి, తర్వాత ముష్టిగా ఇచ్చినవే ఆ మళ్ళు. 1649లోనే సరే కౌంటీలోని ఊరుమ్మడి భూమిలో పేదలు బీన్సు, క్యారెట్లు, పార్స్‌నిప్ దుంపలు విత్తితే భూస్వాములు కొట్టి తరిమారు. 19వ శతాబ్దంలో మడిని చిన్నదిగా ఉంచడంలో ఉద్దేశం కూడా స్పష్టమే: అది కూలివాడి ఆకలి కొంత తీర్చాలి గానీ వాడు కూలికి రావడం మానకూడదు. పండినది ప్రధానంగా ఇంటికి వాడుకోవాలన్న నియమం ఇప్పటికీ ఉంది, మన స్త్రీలకు అది చాలదు. 1922 చట్టంలో అలాట్‌మెంటు తోట నిర్వచనం, కౌలుదారు 'తన కోసం, తన కుటుంబం కోసం' పండించేది అంటుంది. అక్కడ 'తన' అన్నది ఇంగ్లీషులో పుంలింగం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దాదాపు 14 లక్షల మళ్ళు సాగయ్యాయని చెబుతారు. మగవాళ్ళు యుద్ధంలో ఉన్నప్పుడు వాటిని తవ్వింది ఎవరో ఊహించుకోవచ్చు.

అయినా కాగితం కాగితమే. మన దగ్గర అది ఎందుకు లేదు? 1950 నాటి హైదరాబాదు కౌలు చట్టం కౌలుదార్లకు రక్షణ ఇచ్చింది. దాంతో, రాసిస్తే భూమి పోతుందన్న భయం యజమానుల్లో తరాలుగా పాతుకుపోయి కౌలంతా నోటిమాటకు దిగింది. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన చట్టం కౌలు రైతులకు రుణ అర్హత కార్డులన్నది. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన చట్టం పదకొండు నెలల ఒప్పందమన్నది, దానికి యజమాని సంతకం కావాలి. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు డబ్బు పట్టాదారు ఖాతాలోకే పోయింది. కౌలు రైతుకే ఇంత కష్టమైతే, కౌలు రైతుగా కూడా లెక్కలోకి రాని, కూరలు పండించే స్త్రీ సంగతేమిటి? 2016లో నీతి ఆయోగ్ కోసం టి. హక్ అధ్యక్షతన తయారైన నమూనా కౌలు చట్టంలో ఒక మంచి మాట ఉంది: కౌలు ముగిసేనాటికి కౌలుదారు పెట్టిన పెట్టుబడిలో ఇంకా మిగిలి ఉన్న విలువను తిరిగి ఇవ్వాలని. అది నమూనా మాత్రమే. మన మహిళా సంఘాల డిమాండ్లలో అది నేనెక్కడా చూడలేదు.

పెరట్లో పండించుకోవచ్చు గదా అనేవాళ్ళున్నారు. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల పేర పట్టాలిచ్చిన ఇళ్ళ స్థలాలు పల్లెల్లో సెంటున్నర. ఆ ఇంగ్లండు మడి ఆరుంబావు సెంట్లు. సెంటున్నరలో ఇల్లు కట్టుకున్నాక బీరపాదు ఎక్కడ పెట్టాలి?

సామూహిక సాగు మనకు కొత్త కాదు. 2000 ప్రాంతాల్లో మహిళా సమతా సంఘాలు తెలంగాణ జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి సహాయంతో భూములు కౌలుకు తీసుకుని చేశాయి. బీనా అగర్వాల్ 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఆ సంఘాల సాగును కేరళ కుటుంబశ్రీ బృందాల సాగుతో పోల్చారు. కేరళ బృందాలు చిన్న కుటుంబ కమతాల కన్నా బాగా రాణించాయి. మన సంఘాలు దిగుబడిలో వెనకబడ్డా, నికర ఆదాయంలో వాటికి తీసిపోలేదు. కేరళలో స్త్రీల వెనక పంచాయతీ, బ్యాంకు నిలబడ్డాయి. మన దగ్గర సహాయం ఆగిన రోజున స్త్రీల వెనక ఏముంది?

పోయిన ఎండాకాలం ఆ ఊరికి మళ్ళీ వెళ్ళాను. పదకొండు మందిలో ఏడుగురు ఉన్నారు. బడి వెనక పంచాయతీ స్థలం పదిహేను గుంటలు చెత్తతో నిండి ఉంది. దాన్ని స్త్రీల పేర అయిదేళ్ళకు తక్కువ కాకుండా రాతపూర్వకంగా కౌలుకివ్వాలని, ఖాళీ చేయమంటే ఏడాది ముందు చెప్పాలని గ్రామసభకు అర్జీ రాశాం. సర్పంచి చూద్దాం అన్నాడు. అర్జీ చదివి వినిపించినప్పుడు పెద్దమ్మ ఆపింది. ఒక ముక్క తప్పిందంది. ఎన్ని బండ్ల మట్టి పోస్తే అన్ని బండ్లూ ఒక బుక్కుల రాయాలె, ప్రతి కాయితం మీద పంచాయతీ ముద్ర గుద్దాలె. ఆ ముక్క కూడా చేర్చి వేలిముద్రలు వేయించాం. నోటుబుక్కు కొని ఆమె దగ్గరే ఉంచి వచ్చాను.