నడుం నొప్పికి బిళ్ళ కాదు, ముందు సైకిల్ సరిచెయ్యండి



ఈమధ్య మన ఊళ్ళల్లో ఒకటి గమనిస్తున్నాను. విశాఖో, హైదరాబాదో, చెన్నైయో పనికి పోయిన పిల్లలు ఇంటి దగ్గర వదిలేసిన గేర్ సైకిళ్ళు మనం ఎక్కుతున్నాం. పెట్రోలు ఖర్చు ఒక కారణం, ఒళ్ళు కదిలించమని డాక్టరు చెప్పడం ఇంకో కారణం. మంచిదే. కానీ నెల తిరక్కుండానే మెడ పట్టేసిందనీ, నడుం లేవట్లేదనీ మందుల షాపుకెళ్ళి బిళ్ళ తెచ్చుకు మింగుతున్నాం. నేనూ అదే చేశాను. అందుకే ఈ పోస్టు.

నేను చెప్పేది ఒక్కటే. మన ఒంటికి సైకిల్ సరిపోవాలి గానీ, సైకిలుకి మన ఒళ్ళు సర్దుకోకూడదు. తొక్కితే నొప్పి వస్తోందంటే ముందు సైకిల్ సరిచెయ్యండి, బిళ్ళ జోలికి పోకండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానో మీకు తెలుసు. క్రియాటినిన్ అన్న మాట మన దగ్గర బడి పిల్లలకి కూడా వచ్చు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ ఏడు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళ గడప తొక్కిందో వేరే చెప్పక్కర్లేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. జబ్బుకి అసలు కారణం ఇదీ అని మాత్రం ఇంకా తేలలేదు. నొప్పి బిళ్ళలే కారణమని నేననడం లేదు. కానీ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి బిళ్ళలు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయన్నది డాక్టర్లు ఒప్పుకునే మాట. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు చాలక, పైన ఆ బిళ్ళ రోజూ వేసుకుంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఒక సైకిలు కోసం కిడ్నీని పందెం పెడతామా?

ఇప్పుడు నొప్పి ఎక్కడ నుంచి వస్తోందో చూద్దాం. ఆ గేర్ సైకిళ్ళు కొండల్లో, రాళ్ళలో తొక్కడానికి పుట్టినవి. 1970లలో అమెరికాలో కాలిఫోర్నియా కుర్రాళ్ళు పాత సైకిళ్ళకి లావు టైర్లేసి కొండ దిగడంతో మొదలైన రకం. వాటి హ్యాండిల్ కర్రలా తిన్నగా, చాలావాటికి సీటుకన్నా కిందకి ఉంటుంది. అది పట్టుకోవాలంటే ముందుకి వంగాలి, నడుం గుండ్రమవుతుంది. వంగినా రోడ్డు చూడాలి కాబట్టి మెడ వెనక్కి ఎత్తాలి. కుర్రాడైతే తట్టుకుంటాడు. ముప్పై ఏళ్ళు 80 కిలోల జీడిపిక్కల బస్తాలెత్తిన నడుం తట్టుకోదు.

అలాగని పాత నల్ల సైకిలే బంగారం అనను. దాని హ్యాండిల్ వెనక్కి తిరిగి ఉంటుంది, మెడకి హాయి. కానీ కర్రలా నిటారుగా కూర్చుంటే బరువంతా సీటు మీదే పడుతుంది, గోతిలో దిగిన ప్రతి దెబ్బా తిన్నగా వెన్నుకి తగులుతుంది. పైగా దానికి గేరు లేదు. ఇసుక బాటలో, సముద్రం గాలికి ఎదురుగా నిలబడి తొక్కాలి. ఆ తన్నులాటంతా నడుం మీదే.

మనకి కావాల్సింది రెంటికీ మధ్య రకం. కొనేటప్పుడు ఇవి చూడండి.

హ్యాండిల్ సీటుకి సమానంగా గానీ, రెండు మూడు అంగుళాలు పైకి గానీ ఉండాలి. పట్టుకుంటే మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి, గడ్డం ఎత్తకుండా ముందు రోడ్డు కనపడాలి.

టైరు రెండు అంగుళాల వెడల్పు ఉంటే మంచిది. గాలి రాయిలా గట్టిగా కొట్టించకండి. టైరు పక్కన ఎంత నుంచి ఎంత వరకూ అని అంకెలుంటాయి. ఆ రెండింటి మధ్య ఉంచండి, ఇసుక బాటలో కొంచెం తగ్గించండి. వెన్నుకి మొదటి షాకబ్జర్ టైర్లో గాలే.

ముందు చక్రానికి షాకబ్జర్ ఉంటే చేతులకి, మెడకి హాయి. తక్కువ ధర సైకిలుకి వెనకాల కూడా స్ప్రింగు ఉందంటే ఆశపడకండి. బరువెక్కువ, తొక్కిన బలం కొంత ఊగడానికే పోతుంది.

వెనక ఏడు గేర్లు చాలు. ఇరవయ్యొకటి మనకేటికి? ఉప్పుగాలికి ఎన్ని సామాన్లుంటే అంత తుప్పు. బరువైన గేరులో నెట్టుకుంటూ పోవద్దు, తేలిక గేరులో కాళ్ళు చకచకా ఆడించండి.

ఇక ముందు బారు. నడుం నొప్పి ఉన్నోళ్ళకి కాలు వెనక నుంచి తిప్పి ఎక్కడమే పెద్ద గండం. బారు కిందకి వాలిన ఆడవాళ్ళ సైకిలైతే కాలు ముందు నుంచే పెట్టి ఎక్కొచ్చు. "ఏటి బావా, ఆడోల సైకిలెక్కావు?" అని నన్నూ రచ్చబండ దగ్గర నవ్వారు. నవ్వనివ్వండి. నవ్విన నోరు రేపు మన డయాలసిస్ ఖర్చు పెట్టదు.

ఇంట్లో సైకిల్ ఉన్నోళ్ళు కొత్తది కొనక్కర్లేదు. మా గుంటడి సైకిలుకి నేను పైకి లేచిన హ్యాండిల్, స్ప్రింగు సీటు, వెనక కేరేజీ వేయించాను. మొత్తం రెండు వేలు దాటలేదు. పాత రకం హ్యాండిల్ పైకి లాగొచ్చు, కానీ దాని గొట్టం మీద ఒక గీత ఉంటుంది, అది బయటకి కనపడేలా లాగితే విరిగే ప్రమాదం.

సీటు ఎత్తు కూడా చూసుకోండి. కూర్చుని మడమ పెడల్ మీద పెడితే, పెడల్ అడుగుకొచ్చినప్పుడు కాలు తిన్నగా రావాలి. మరీ ఎత్తయితే పిరుదులు అటూ ఇటూ ఊగి నడుం పోతుంది, మరీ కిందైతే మోకాళ్ళు పోతాయి. సీటు బల్లపరుపుగా ఉండాలి. స్ప్రే ట్యాంకు వీపుకి తగిలించుకుని తొక్కకండి, కేరేజీకి కట్టండి.

షాపు ముందు ఒక చుట్టు కొట్టి బాగుందనకండి. కిలోమీటరు తొక్కి, దిగి, మెడ అటూ ఇటూ తిప్పి చూసుకోండి. రంగు, స్టిక్కర్లు చూసి డబ్బులివ్వకండి.

ఒక జాగ్రత్త. కాలు గానీ చెయ్యి గానీ తిమ్మిరెక్కుతున్నా, పట్టు తప్పుతున్నా, మూత్రం ఆగకపోయినా, రాకపోయినా అది సైకిల్ సర్దితే పోయేది కాదు. తొక్కడం ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నొప్పి బిళ్ళ తప్పదంటే కిడ్నీ పరీక్ష కాగితం చూపించి, ఆయన రాసిందే వాడండి. షాపులో అడిగి తెచ్చుకోకండి.

తిత్లీకి పడిపోయిన కొబ్బరి చెట్టు చోట మళ్ళీ మొక్క పెట్టుకున్నాం. పాడైన కిడ్నీకి మొక్క లేదు. రేపు పొద్దున్న తోటకెళ్ళే ముందు ఒక పానా తీసుకుని సీటూ హ్యాండిలూ సర్దండి. మీ సైకిలుకి ఏం మార్చారో, నొప్పి తగ్గిందో లేదో కింద రాయండి, పదిమందికి పనికొస్తుంది.