గవ్వలు ఏరండి, పిట్టలను లేపకండి

చలి ముదిరే కొద్దీ కాకినాడ తీరానికి రెండు రకాల చుట్టాలు వస్తారు. ఒకరు ఆదివారం పూట పిల్లాపాపలతో, టిఫిను క్యారియర్లతో వచ్చే జనం. రెండోవారు సైబీరియా నుంచి వేల మైళ్లు ఎగిరి వచ్చే ఉల్లంకి పిట్టలు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు జనం గవ్వలు ఏరుకుంటారు, పిట్టలు తిండి ఏరుకుంటాయి. జనం వచ్చి పిట్టలను తోలేస్తున్నారని కొందరి బాధ. పిట్టల కోసం మనుషులను రావద్దంటారా అని మరికొందరి కోపం. నిజానికి యీ తగవుకు కారణమే లేదు.

గవ్వలు ఎక్కువగా దొరికేది పోటు నీరు ఎక్కి ఆగిన గీత మీద. నాచు, పుల్లలు, చిల్లపెంకుల్లాంటి ఆల్చిప్పలు అక్కడే పేరుకుంటాయి. పిట్టలు మేసేది అంతకు కింద, అప్పుడే నీరు తీసిన తడి నేలలో. పురుగులు, చిన్న నత్తలు, పీత పిల్లలు అక్కడే వుంటాయి. ఎవరి గీత మీద వారు నడిస్తే ఇద్దరికీ చోటు వుంది.

కుంభాభిషేకం దగ్గరి బురద నేలల మీద శీతకాలమంతా యీ పిట్టలు మేస్తాయి. వాటిలో పాతిక గ్రాములకు అటూయిటూ తూగేవి కూడా వున్నాయి. నీరు రోజుకు రెండుసార్లు తీస్తుంది. ఆ కొద్ది గంటలే వాటి భోజనం వేళ. వేసవి ముందు తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వు యిక్కడే కూడబెట్టుకోవాలి. ఫొటో కోసం ఒక గుంపును లేపినా, యిసుక మీద మోటారు సైకిలు తోలినా, కుక్కను వదిలినా ఆ కూడబెట్టినది కరిగిపోతుంది. కింది ముక్కు పొడవుగా వుండి నీటిని కోస్తున్నట్టు ఎగిరే స్కిమ్మర్ పక్షి కూడా యిక్కడికి వస్తుంది. అది అంతరించే ప్రమాదం వున్న జాతి.

కోరింగ అభయారణ్యం 1978లో ఏర్పడింది. దాని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అయితే పిట్టకు సరిహద్దు రాయి తెలియదు. మేత వున్న చోటల్లా దిగుతుంది.

గవ్వలు ఏరడం తప్పేమీ కాదు. అష్టాచెమ్మా ఆడని యిల్లు, గుల్లసున్నం ఎరుగని పాత గోడ మన వూళ్లలో అరుదు. గుప్పెడు ఖాళీ గవ్వలు తీసుకుంటే సముద్రం తరిగిపోదు. బస్తాలకెత్తడం మాత్రం వేరు. ఖాళీ గుల్లలో దూరి బతికే పీతలు వున్నాయి. గుల్ల పట్టుకుని తిరగేసి చూసి, లోపల కాళ్లు కదిలితే అక్కడే దించాలి. దుకాణాల్లో తళతళలాడే పెద్ద గుల్లల సంగతి యింకా వేరు. వాటిలో చాలావరకు బతికి వున్న నత్తను చంపి తీసినవే. నాటిలస్ వంటి కొన్ని జాతులను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి తెచ్చారు. వాటిని పట్టడం, అమ్మడం నేరం. కొనేవారు లేకపోతే పట్టేవారూ వుండరు.

పిట్టలను చూడడానికి పెద్ద చదువు అక్కరలేదు. కదలకుండా కూర్చుంటే అవే దగ్గరికి వస్తాయి. మేత మాని తల ఎత్తితే, అడుగు అక్కడే ఆపాలి. బడి పంతుళ్లు పిల్లలకు యీ ఒక్క ముక్క నేర్పినా చాలు.

జనాన్ని తీరానికి రానివ్వవద్దనడం సరికాదు. కళ్లారా చూడని దానిని ఎవరూ కాపాడరు. అటవీ శాఖ, పురపాలక అధికారులు పోటు వేళలు, పిట్టల బొమ్మలతో తెలుగులో బోర్డులు పెట్టించాలి. యిసుక మీదికి బండ్లు దిగకుండా కట్టడి చేయాలి. సంక్రాంతి సెలవుల రద్దీకి ముందే యీ పని జరగాలి. ఆపైన పోటు గీత దాటకుండా నడవడం జనం వంతు.