ఈ జొన్న ఏ ఊరిది?

హైదరాబాదులో ఇప్పుడు కొత్త హోటలు తెరవని వారమంటూ లేదు. మాదాపూరు, గచ్చిబౌలి వైపు తిరిగే మన మిత్రులను ఎవరిని కదిలించినా నాలుగు కొత్త పేర్లు చెప్తారు. 2019లో యునెస్కో ఈ నగరాన్ని వంటకు పేరొందిన సృజనాత్మక నగరాల్లో చేర్చింది కనుక మన నాలుకలకు అంతర్జాతీయ గౌరవం కూడా దక్కిందనుకోవాలి. బయట తినడమే తప్పనే పెద్దమనుషుల కోవలో నేను లేను. మూడేళ్ళుగా హాస్టలు సాంబారు తింటున్నవాడికి అట్లా అనే ధైర్యం ఎక్కడిది?

నా పేచీ అంతా మెనూ కార్డుతోనే.

ఈమధ్య అట్లాంటి ఒక హోటల్లో జొన్నరొట్టె తిన్నాం. ఒక్కోటి 60 రూపాయలు, పక్కన ఎర్రకారం, కాస్త వెన్న. రొట్టె బాగుంది, అబద్ధమెందుకు? జొన్నపిండిలో గ్లూటెన్ ఉండదు, గోధుమపిండిలా సాగదు. మరిగే నీళ్ళు పోస్తే అందులోని స్టార్చి ఉబ్బి జిగురు పడుతుంది. చల్లారకముందే పిసికి, అరచేత్తో కొట్టి, పెనం మీద వేసి పైన నీటి తడి అద్దాలి. మేం లేబొరేటరీలో చదువుకున్న ఈ సంగతి మా నాయనమ్మకు బడికి పోకుండానే తెలుసు. ఆ చేతి పనికీ, నగరంలో అద్దెకూ డబ్బు తీసుకోవడం న్యాయమే.

మరి గింజ సంగతేమిటి? 2025–26కు మాల్దండి జొన్నల కనీస మద్దతు ధర క్వింటాలుకు 3,749 రూపాయలు. రొట్టెకు వంద గ్రాముల పిండి అనుకున్నా గింజ విలువ నాలుగు రూపాయలు దాటదు. అదైనా కొనుగోలు కేంద్రం తెరిస్తేనే, తూకం సరిగ్గా పడితేనే!

మాది జహీరాబాదు దిక్కు, నల్లరేగడి. యాసంగి జొన్నకు నీళ్ళు కట్టేది లేదు. నేలలో మిగిలిన పదునుకే పండుతుంది. కంకి పాలుపోసుకునే రోజుల్లో తెల్లారకముందే మా నాయన ఒడిసెల పట్టుకొని మంచె ఎక్కుతాడు, పిట్టలను తోలడానికి. ఇంట్లో మాత్రం రెండుపూటలా బియ్యమే. ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చింది. పేదిండ్ల ఆకలి తీరింది, అది చిన్న సంగతి కాదు. కాని రానురాను జొన్నరొట్టె చుట్టాలొస్తే దాచిపెట్టే తిండి అయింది. ఇప్పుడదే ఏసీ గదిలో దర్జాగా కూర్చుంది. సంతోషమే.

అయితే అదే కార్డులో ఉప్పు హిమాలయాలదనీ, ఆలివ్ నూనె ఇటలీదనీ అచ్చువేశారు. జొన్న ఏ ఊరిదో లేదు. సర్వరును అడిగితే, "సప్లయరుకే తెలియాల సార్" అన్నాడు. పాపం, అతని తప్పేముంది? హైదరాబాదు హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వస్తే ఊరంతా చెప్పుకున్నాం. తాండూరు కందికీ 2022లో వచ్చింది. పప్పు గిన్నె ధర పక్కన తాండూరు అని రాయడానికి ఎంత సిరా కావాలి?

పేరు రాస్తే రైతుకు ధర పెరుగుతుందా అని మా రూమ్మేటు, కామర్స్ వాడు, వాదనకు దిగాడు. మర్నాడే పెరగదు. కాని పేరు రాసినవాడు ఆ ఊరి గింజే కొనాలి. కొనాలంటే ఊళ్ళోకి మనిషిని పంపాలి. ఆ మనిషి వస్తే మా నాయనకు ఒక్క దళారితోనే కాక ఇంకొకరితోనూ బేరమాడే వీలు చిక్కుతుంది. నేను కోరేది ఇంతే.

ఈసారి ఎవరి పుట్టినరోజుకో మీరంతా కలిసి వెళ్ళినప్పుడు, బిల్లు వచ్చేలోగా ఒక్క మాట అడగండి. పదిమంది అడిగితే, పదకొండోవాడు అడిగేసరికి సర్వరు లోపలికెళ్ళి కనుక్కొని వస్తాడు.