మగనత్తలును మన విత్తనపు గిడ్డంగియు

న్యూజిలాండు దేశపు సరస్సులలో జొన్నగింజంత నత్త యొకటి కలదు. దానికిని మన సంఘపు విత్తనముల గిడ్డంగికిని సంబంధమేమని సభ్యులు నవ్వవచ్చును. సంబంధము కలదనియే మా యభిప్రాయము.

ఈ నత్తలలో రెండు తెగలు గలవు. ఒక తెగయందు ఆడమగలు కలిసి సంతానమును బడయును. పుట్టినవానిలో సుమారు సగము మగవి. రెండవ తెగయందు ఆడనత్త మగదాని యవసరము లేకయే పిల్లలను గనును. ఆ పిల్లలన్నియు ఆడవియే, తల్లికి అచ్చుగ్రుద్దినట్లుండును. మగనత్త పిల్లలను గనదు గదా! కావున లెక్కప్రకారము రెండవ తెగయే తరతరమునకు రెట్టింపై సరస్సునంతయు నాక్రమింపవలెను. అనేక చోటుల నట్లు జరుగలేదు. ఏల?

అమెరికా శాస్త్రజ్ఞుడు కర్టిస్ లైవ్లీ 1987లో దీనికొక సమాధానమును ప్రకటించెను. మన పశువులకు సోకు కార్జపు జలగ జాతికి జెందిన సూక్ష్మక్రిమి యొకటి ఆ నత్తలను బట్టును. బాతుల రెట్టతో దాని గ్రుడ్లు నీటబడును. నత్త మేతతోపాటు వానిని మ్రింగును. క్రిమి లోపల పెరిగి నత్తను గొడ్డుపఱచును. ఆ నత్తను దిన్న బాతు కడుపున మరల గ్రుడ్లు పెట్టును. సరస్సులను, వాగులను పరీక్షింపగా క్రిమి హెచ్చుగానున్న తావులనే మగనత్తలును హెచ్చుగా గానవచ్చెను. అలెగ్జాండ్రినా సరస్సున బాతులు మేయు నొడ్డునీటిలో మగవి యెక్కువ, లోతునీట తక్కువ.

కారణము సులభము. ఒకే మూసనుండి వచ్చిన నత్తలు ప్రబలినకొలది, ఆ మూసకు దగిన క్రిమియు ప్రబలును. ఒకదానిని జయించినది అన్నిటిని జయించును. 2009లో ప్రకటితమైన పరిశీలనమున, మునుపు విస్తారముగా నుండిన ఏకరూపపు వంశములు కొన్నియేండ్లలోనే క్షీణించినట్లును, ఆడమగలు గల తెగ నిలిచియున్నట్లును దేలినది. మగవానిని బుట్టించుట వృథావ్యయము గాదు. తెగులునకు గట్టు సుంకము.

మన వరిపైరు తన పుప్పొడినే తాను గ్రహించును గనుక ఒక రకపు గింజలన్నియు నించుమించు ఆ నత్తపిల్లల వంటివే. మొక్కజొన్న సంగతి యింకను విచిత్రము. మగపూత ద్రుంచు కూలి మిగులునని అమెరికాలో పుప్పొడి పుట్టని యొకే తల్లివంశమునుండి విత్తనము సిద్ధపఱచిరి. 1970 నాటికి నూటికి సుమారు 85 పాళ్లు అట్టి విత్తనమే. ఆ యేడు ఆకుతెగులు వచ్చి దేశపు పంటలో సుమారు 15 పాళ్లు నశించెను. కూలి మిగిలినది గాని గింజ మిగులలేదు!

అయినను గ్రామమంతయు నొకే రకము వేయుదమని మనలో కోరువారే హెచ్చు. ఒకే ధర, ఒకే కోత, మిల్లువారికి సంతోషము. ఈ సౌకర్యమును మేము కాదనము. ఒకే సంచిలో రకములను గలుపుమనియు జెప్పము. అది బేరమును జెఱచును. గ్రామమున మూడు రకములకు దక్కువ గాకుండ వేఱువేఱు చేలలో నుండవలెననియే మా కోరిక. అమ్మకము తక్కువైన పాతరకములను గిడ్డంగిలో నిలుపుటవలన గలుగు కొద్దినష్టమును సంఘము తన లాభమునుండి భరించుట న్యాయము.

రాబోవు సర్వసభ్య సమావేశమున విత్తనపు కోరికపట్టీ చర్చకు వచ్చును. అందు ఒకే రకము పేరు వ్రాసి చేవ్రాలు చేయకుము. ప్రక్కపొలము వారేమి వేయుచున్నారో ముందు విచారించి, పిదప వ్రాయుము.