అబ్బా రాసిన బిస్మిల్లా

పోయిన జుమ్మా నాడు దూరపు రిష్తేదారుల షాదీ రుఖా వచ్చింది. కవర్ విప్పగానే చెయ్యి ఆగిపోయింది. పైన బంగారు రంగులో ఉన్న బిస్మిల్లా మా అబ్బాది. సీన్‌ని పొడుగ్గా లాగి, మీమ్ దగ్గరికి వచ్చేసరికి కలాన్ని కాస్త కిందికి దించేవారు. ఆ వంపుని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. ఆయన ఇంతెఖాల్ అయ్యి తొమ్మిదేళ్లు.

ప్రెస్ కుర్రాడికి ఫోన్ చేసి అడిగాను. ‘నెట్‌లో ముఫ్త్‌గా దొరికింది అంకుల్, వెక్టర్’ అన్నాడు. వాడికి కోపమూ లేదు, శరమూ లేదు. ఎందుకుండాలి? ఇన్నేళ్లూ నేను చేసిన పనీ అదే కదా.

అబ్బా ఛత్తా బజార్‌లో కాతిబ్. చిన్న బల్ల, రెల్లు కలాలు, సియాహీ దవాత్. రుఖాకి ఇంత అని తీసుకునేవారు. కంప్యూటర్లు వచ్చాక ఆ బల్ల ఖాళీ అయింది. ఎవరో పాత రుఖాని స్కాన్ చేసి, గీతల మీద గీతలు గీసి, ఇస్లామిక్ క్లిపార్ట్ అని సీడీలో పెట్టి అమ్మారు. సీడీ నుంచి నెట్‌కి. ఆయన పేరు దారిలోనే ఎక్కడో పడిపోయింది.

వెక్టర్‌తో తిరకాసు ఇదే. ఫొటో అయితే చుక్కల ముద్ద, పెద్దది చేస్తే పగిలిపోతుంది. వెక్టర్ అంటే గీతల లెక్క. విజిటింగ్ కార్డ్‌కైనా హోర్డింగ్‌కైనా అదే సాఫ్‌గా వస్తుంది. ఎస్‌వీజీయో సీడీఆరో చేతికొచ్చిందంటే బొమ్మ ఒక్కటే కాదు, దాన్ని తయారుచేసినవాడి మెహనత్ మొత్తం విప్పి చేతిలో పెట్టినట్టే. రంగు మార్చు, కొస కొయ్యి, నాదే అని చెప్పు, ఎవడడుగుతాడు?

నన్ను అడిగారు. ఒక బొటిక్‌కి నెలవంకతో లోగో చేసిచ్చాను, 500 సంచులు అచ్చయ్యాయి. తర్వాత ఆ దుకాన్ మాలిక్‌కి మెయిల్ వచ్చింది: ఈ బొమ్మ సొంత వాడకానికే, వ్యాపారానికి కాదు. డౌన్‌లోడ్ బటన్ పక్కనే చిన్న అక్షరాల్లో రాసి ఉంది, నేను చదవలేదు. సంచుల ఖర్చు నా జేబులోంచే పోయింది. రోజీ హలాల్‌గా ఉండాలని ఇంట్లో పిల్లలకి చెప్పే నోటితో ఆ మాలిక్‌కి ఏం జవాబ్ చెప్పాలో తెలియలేదు.

మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీసినవాడి హక్ అతని జిందగీ మొత్తం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. తెలిసి చోరీ చేస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ల ఖైద్, 50 వేల నుంచి 2 లక్షల జుర్మానా. అబ్బా ప్రెస్‌లో జీతానికి చేసి ఉంటే కథ వేరు. ఆయన సొంత బల్ల మీద రాశారు, ఏ కాగజ్ మీదా దస్తఖత్ పెట్టి హక్ ఎవరికీ ఇవ్వలేదు. బిస్మిల్లా అనే మాట ఎవరి సొత్తూ కాదు. ఆ వంపు మాత్రం ఆయనది.

‘మరి పైసల్లేని డిజైనర్ ఏం చెయ్యాలి భాయ్?’ అంటారు. ముఫ్త్‌గా, హక్‌తో దొరికేవి కుప్పలున్నాయి. ఓపెన్ క్లిపార్ట్‌లో బొమ్మలన్నీ గీసినవాళ్లు అందరికీ వదిలేసినవే. న్యూయార్క్ మెట్ మ్యూజియం 2017లో లక్షల తస్వీర్లని సీసీ జీరో కింద పెట్టింది. అందులో పాత ఇరానీ, మొఘల్ నక్షీలు ఎన్నో. దించుకుని ఇంక్‌స్కేప్‌లో మీరే గీసుకోండి, ఆ సాఫ్ట్‌వేర్ కూడా ముఫ్తే. వికీమీడియా కామన్స్‌లో మాత్రం ఒక్కో ఫైల్‌కి ఒక్కో షర్త్, కింద చూడకుండా తీసుకోవద్దు. సీసీ బై అంటే పేరు వెయ్యాలి. బై ఎస్ఏ అంటే, మార్చి బయటపెట్టేది కూడా అదే షర్త్‌తో పెట్టాలి. ఎన్‌సీ అని ఉంటే గిరాకీ పైసలిచ్చే పనికి ముట్టుకోవద్దు. షాదీ రుఖా మీద బొమ్మ గీసినవాడి పేరు ఎక్కడ వేస్తాం? అందుకే రుఖాలకి నేను సీసీ జీరోవే వెతుకుతాను. ఇక లోగో అంటే స్టాక్ సైట్ల వైపే పోవద్దు. పైసలు కట్టినా చాలా సైట్లు వాటి బొమ్మల్ని లోగోకి వాడనివ్వవు.

అసలు కొన్నింటికి వెతకడమెందుకో నాకు అర్థం కాదు. ఎనిమిది కొసల నక్షత్రం కోసం మనోళ్లు గంటసేపు నెట్‌లో తిరుగుతారు. ఒక చతురస్రం గీసి, దాని మీదే ఇంకోటి పెట్టి 45 డిగ్రీలు తిప్పితే వచ్చేసె. వందల ఏళ్ల నుంచి మస్జిద్ గోడల మీద ఉన్నదది. ఎవడి ఇజాజత్ అక్కర్లేదు.

ఇజాజత్ అంటే గుర్తొచ్చింది. ఖత్తాతుల రివాజులో షాగిర్ద్ ఏళ్లకేళ్లు ఉస్తాద్ రాత చూసి మష్క్ చేస్తాడు. నకలు చెయ్యడం తప్పు కాదు, నేర్చుకునే దారే అది. కానీ ఉస్తాద్ ఇజాజా ఇచ్చేదాకా రాత కింద తన పేరు పెట్టుకోడు. లైసెన్స్ అనే మాట వినగానే అంగ్రేజీ కంపెనీల గొడవ అని మొహం తిప్పుకునే మన ప్రెస్‌వాళ్లకి ఇది నేను మళ్లీ మళ్లీ చెప్తుంటాను. మన గల్లీలో పాతదే ఇది.

అబ్బా కాగితాలు ట్రంకులో మిగిలాయి. ఒక్కొక్కటీ స్కాన్ చేసి వెక్టర్‌గా గీస్తున్నాను. ఇంటిలాగే ఇది కూడా విరాసత్, అందరికీ వాటా ఉంది. అందుకే ముందు అమ్మీని అడిగాను. ‘ఇచ్చెయ్ బేటా, అందరూ వాడుకోనీ. ఆయన నామ్ మాత్రం ఉండాలి’ అంది. అంటే సీసీ బై. చెల్లెళ్లిద్దరూ సరే అన్నారు. రియాద్‌లో ఉన్న భాయ్‌జాన్ మిగతావాటికి హా అన్నాడు గానీ ఆ బిస్మిల్లా దగ్గర ఆగిపోయాడు. అది అబ్బా అతని షాదీ రుఖా కోసం రాసింది. పదకొండు నమూనాలు బయట పెట్టాను. బిస్మిల్లా ఇంకా నా కంప్యూటర్‌లోనే ఉంది.