లెక్కలో లేని గడి

సంఘం సంగీతోత్సవానికి సర్కారు సాయం కోరుతూ అర్జీ రాసే పని మాకు పడింది. రాస్తూంటే ఒక సంగతి గుర్తొచ్చింది. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సంగీత నాటక అకాడమీని రద్దు చేసింది. ఆ మాట నెల్లూరి బంధువులను అడిగితే, "అకాడమీయా? అదెక్కడుండేదీ?" అన్నారు. శాలువలు పెద్దలకందాయి గాని, వీరి వీధికి ఒక్క హరికథైనా రాలేదు కాబోలు. రానిదాని కోసం ఎవరు కొట్లాడతారు?

మన తిరువొత్తియూరు త్రిపురసుందరిపై త్యాగయ్యగారు అయిదు కృతులు చేశారు, తెలుగులోనే. ఆ గుడి చెంత పెరిగే మన పిల్లలకు వాటి సాహిత్యం చదవరాదు. సంఘం చిట్టాలో దండలకెంత, మైకుకెంత అన్నీ ఉన్నాయి (రాసేది మేమే!). ఎందరు పిల్లలు పాట నేర్చారన్న గడి మాత్రం లేదు. సర్కారువారికి ఏమని చూపుతాము? అర్జీ పక్కన పెట్టి ముందు ఆ గడి గీశాము. పాట చెప్పడానికి ఒక అమ్మగారు ఒప్పుకున్నారు. పిల్లలున్నవారు పేర్లియ్యండి.