ఒకటో తరగతి గుమ్మంలో కొలత

బడిలో చేరే పిల్లల మాట, ఆలోచన, కదలిక, నలుగురిలో మెలిగే తీరు ఏ స్థాయిలో ఉన్నాయో గమనించడం 2021లో వచ్చిన కేంద్ర కార్యక్రమాలు నిపుణ్ భారత్, విద్యాప్రవేశ్‌లతో బడి పనిలో భాగమైంది. సర్కారు బడుల్లో పూర్వ ప్రాథమిక తరగతులు తెరుస్తున్న తెలంగాణలో ఈ కొలత ఇంకా ముందే మొదలుకావాలి. అస్సాం, రాజస్థాన్, తెలంగాణల్లో నాలుగేళ్ల పిల్లలను ఎనిమిదో ఏడు వరకు వెంబడించి 2017లో వెలువడిన అధ్యయనం, ఐదేళ్లకు వారి బడి సంసిద్ధత అంతంతమాత్రమేనని తేల్చింది. అంగన్‌వాడీలో ఎత్తు, బరువు నమోదవుతాయి. విన్న కథను తిరిగి చెప్పగలగడం అంత శ్రద్ధగా నమోదు కాదు. తెలుగే ఇంటి భాషైన కరీంనగర్‌లో ఇది లోటు, ఆదిలాబాద్‌లో అన్యాయం. ఇంట్లో గోండీ, కొలామీ మాట్లాడే బిడ్డను తెలుగులో అడిగి మార్కులు వేస్తే, తెలుగు రాకపోవడమే ఎదుగుదల లోపంగా లెక్కకెక్కుతుంది. (అక్కడి గోండు గూడెం మార్లవాయిలో మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ గోండీ వాచకాలతో చదువు మొదలుపెట్టించింది 1940లలోనే, ఆ తెలివిడి ఈ కొలతలోనూ కనబడాలి.) పరిశీలన ఇంటి భాషలో, ఆటల మధ్య, ఒకటికి రెండుసార్లు జరగాలి. చూపు, వినికిడి లోపం కనబడిన బిడ్డను వెంటనే వైద్యుడికి చూపాలి. పరిశీలన ఫలితాలతో ప్రవేశాలు ఆపడం, బడులకు ర్యాంకులివ్వడం తగదు. ఉట్నూరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), విద్యాశాఖ, శిశు సంక్షేమ శాఖ కలిసి గోండీ, కొలామీల్లో పరిశీలన పత్రాలను వచ్చే జూన్‌లోగా సిద్ధం చేయాలి.